పళ్లెంలో చివరి కార్డు

జీవితంలో నేను ఒకే ఒక్కసారి ఫోర్జరీ చేశాను. చిన్నప్పుడు అమ్మ చేతిరాతలో రాసుకున్న లీవు లెటర్లు లెక్కలోకి రావు, అవి అందరూ రాస్తారు. నేను చెప్పేది దేవుడి తరఫున, ఆయన్ని అడక్కుండా, మా అమ్మకి ఇచ్చిన ఒక మాట గురించి. అందులో నా తప్పెంతో, సముద్రం తప్పెంతో మీరే తేల్చండి.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. మేం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్నది బొల్లారం, రైల్వే ఆఫీసులో గుమాస్తా. అమ్మది బందరు దగ్గర ఊరు, మిషన్ బడిలో తెలుగు టీచరు. నాకు ఇరవై ఏళ్లు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో శిల్పం నేర్చుకుంటున్నాను. ఎవరైనా అడిగితే నాన్న మాత్రం మా అమ్మాయి మట్టి పిసుకుతోందని చెప్పేవాడు.

మా కాలేజీ వాళ్లు మూడో ఏడు పిల్లల్ని ఫిబ్రవరిలో వారం రోజులు మహాబలిపురం తీసుకెళ్లేవారు. కాగితం మీద కారణం శిల్పులు రాయి చెక్కుతుంటే దగ్గరుండి చూడటం. నాకా రాళ్ల మీద గౌరవం లేక కాదుగానీ, అసలు సంగతి వేరు. అంతకుముందు ఏడు వెళ్లొచ్చిన సీనియర్ ఒకామె నాకో ఫోటో చూపించింది. ఆ ఊళ్లో జాలర్లు పొడవాటి పలకల మీద నిలబడి అలలెక్కి వస్తారట, సర్ఫింగ్ అంటారట, అడిగితే మనకీ నేర్పుతారట. ఫోటోలో మా సీనియర్ అల మీద నిలబడి, చేతులు రెండూ చాచి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. కాలేజీ మెట్లు దిగేటప్పుడు కూడా రెయిలింగ్ పట్టుకునే మనిషి ఆవిడ. ఆవిడే నిలబడితే నేను నిలబడలేనా? ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

టూరుకి ఇంట్లో పెద్దవాళ్ల సంతకం కావాలన్నారు. నాన్న సంతకం ఆఫీసులో చెల్లేది, ఇంట్లో చెల్లేది కాదు. సంతకం అంటే అమ్మదే. అమ్మకేమో సముద్రమంటే చచ్చేంత భయం. పదేళ్లప్పుడు సండే స్కూల్ పిల్లల్ని బీచికి పిక్నిక్ తీసుకెళ్తే, ఒక అల వచ్చి ఆమెని ఎత్తి కుదేసి లోపలికి లాగిందట. ఎవరో జడ పట్టుకుని బయటికి ఈడ్చారట. అంతే, ఆ తర్వాత మోకాలు మునిగే నీళ్లలో ఎక్కడా ఆమె దిగి ఎరగదు. కాప్రాలో పిన్ని వాళ్లింటికి వెళ్లేటప్పుడు చెరువు కనపడగానే బస్సులో అవతలి వైపు సీటుకి మారిపోయేది. చెరువు బస్సులోకి రాదు కదమ్మా అని నేనంటే, నీకేం తెలుసని కసిరేది.

కాగితం ఆమె ముందు పెట్టాను. మహాబలిపురం అన్న మాట చదివి కాగితాన్ని మడిచి నా చేతిలోనే పెట్టింది. రాళ్లు చూడాలంటే మౌలాలి గుట్ట ఉందిగా, పోయి చూసిరమ్మంది. నాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నన్నడిగితే ఏం ఫాయిదా బిడ్డా. సముద్రం పేరు తీస్తేనే మీ అమ్మ పరేషాన్ అయితది. గా పంచాయితీల నేను రాను. జెర నువ్వే సూస్కో."

నేనే చూసుకున్నాను. ఎలా చూసుకున్నానో చెప్పాలంటే ముందు మా వాగ్దానం కార్డుల సంగతి చెప్పాలి.

మా చర్చిలో జనవరి ఒకటో తారీఖు పొద్దున ఆరాధన అయ్యాక, పెద్ద స్టీలు పళ్లెం నిండా చిన్న చిన్న కార్డులు బోర్లా పేర్చి పెడతారు. ఒక్కో దాని మీద ఒక్కో వచనం. జనం వరసలో వచ్చి తలా ఒకటి తీసుకోవాలి. ఎవరికి ఏది వస్తే, ఆ ఏడాది దేవుడు వాళ్లకిచ్చిన మాట అది. నవ్వకండి. పెళ్లి కుదరని వాళ్లు, ట్రాన్స్‌ఫర్ కోసం కాచుకున్న వాళ్లు, మోకాళ్ల నొప్పుల వాళ్లు, అందరూ ఆ అట్టముక్కని పర్సులో పెట్టుకుని ఏడాదంతా మోసేవారు. కష్టం వచ్చినప్పుడు తీసి చదువుకునేవారు.

ఆ కార్డులు రాసేది మా అమ్మే. నేను పుట్టకముందు నుంచీ ఆమే. క్రిస్మస్ సెలవుల్లో భోజనాల బల్ల మీద అట్టముక్కలు పరుచుకుని, నల్లసిరా పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలు పెట్టేది. ఏ వచనాలు రాయాలో ఎంచేది కూడా ఆమే. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, అందులో వేలు పెట్టేవారు కాదు. అక్షరం అంత చక్కగా రాసే మనిషికి బొమ్మ మాత్రం సున్నా. బోర్డు మీద మామిడిపండు వేస్తే పిల్లలు వంకాయ టీచర్ అనేవారు. అందుకని కార్డు మూలన పువ్వు వేసే పని నాకు పడింది. మూడొందల కార్డులు. ఐదు రెక్కలు గీకి, మధ్యలో ఒక చుక్క పెట్టి అవతల పడేసేదాన్ని. కాడ ఉండదు, ఆకుండదు. కాస్త ఆకులన్నా వెయ్యవే అని అమ్మ ఏటా అడిగేది. దేవుడికి ఆకులతో పనేంటమ్మా అని నేను ఏటా తప్పించుకునేదాన్ని.

ఇంకొక ఆనవాయితీ ఉంది. రాసిన మనిషి అందరికంటే చివర తీసుకోవాలి. అంటే అందరూ అయ్యాక పళ్లెంలో అడుగున మిగిలిన కార్డు అమ్మది. ఆ పళ్లెం పట్టుకుని నిలబడేది ఎవరనుకున్నారు? నేనే.

ఇంత అవకాశం చేతికిచ్చి ఊరుకోమంటే ఎవరు ఊరుకుంటారు? పువ్వులు వేసే వంకతో ఒక ఖాళీ అట్టముక్క నొక్కేశాను. నీళ్లలో పడి దాటేటప్పుడు నేను నీకు తోడుంటానని దేవుడు భరోసా ఇచ్చే వచనం ఒకటుంది. బాత్‌రూంలో గడియ పెట్టుకుని, బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని అమ్మ అక్షరాలతో అది రాశాను. ఎక్కడా అనుమానం రాకూడదని పొల్లు పొల్లూ ఆమెలాగే తిప్పాను. చివర పువ్వు. ఆ ఒక్క పువ్వు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని వేశాను. ఐదు రెక్కలు, కాడ, కాడకి రెండు ఆకులు, పక్కన చిన్న మొగ్గ. ఎందుకలా వేశానో నాకే తెలీదు. బహుశా చేస్తున్న పాపం కనీసం అందంగా ఉండాలనుకున్నానేమో.

కొత్త సంవత్సరం పొద్దున పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నా కార్డు చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్నాను. జనం ఒక్కొక్కరే తరిగారు. చివరి ముసలావిడ తన కార్డు చదివించుకుంటుండగా, పళ్లెంలో మిగిలిన అసలు కార్డు లాగేసి నాది పెట్టాను. అమ్మ వచ్చింది. కళ్లు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసి, కార్డు తిప్పింది. చదివింది. మళ్లీ చదివింది. మూలన పువ్వు వైపు చూసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు వేసింది. నేను లాగేసిన కార్డు చర్చి వెనక్కి వెళ్లి చదువుకున్నాను. తల్లిదండ్రుల మాట వినమని చెప్పే వచనం. దేవుడికి పరిహాసం తెలీదని ఇంకెప్పుడూ ఎవరూ నాతో అనకండి.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ చెయ్యి చాపి, ఆ కాలేజీ కాగితం ఇలా తెమ్మంది. తెచ్చాను. సంతకం పెట్టింది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. సరిగ్గా రెండు నిమిషాలు.

"నేనూ వస్తున్నాను" అంది అమ్మ, నాన్న పళ్లెంలో కోడికూర వడ్డిస్తూ. "నీళ్లలో తోడుంటానని మాటొచ్చింది నాకు, నీకు కాదు. నేను నీళ్ల దగ్గరికే పోకపోతే ఆయన ఎవరికని తోడుంటాడు?"

నాన్నకి పొలమారింది.

కాలేజీలోనైనా అడ్డుపడతారేమోనని ఆశపడ్డాను. మా మేడమ్ ఎగిరి గంతేసినంత పని చేసింది. పద్నాలుగు మంది ఆడపిల్లల్ని ఒక్కతే తీసుకెళ్లాలి కదా, ఇంకో పెద్దావిడ తోడొస్తే ఎవరికి చేదు? నాన్న రైల్వే పాసు రాయించాడు. సికింద్రాబాద్‌లో రైలెక్కిన గంటకల్లా అమ్మ అందరికీ గారెలు పంచింది. చెన్నైలో దిగేసరికి పద్నాలుగు మందికీ జడలు వేసేసింది. నా స్నేహితులు నన్ను వదిలేసి ఆంటీ పక్కన చేరారు. నేను ఒంటరిగా కిటికీ పక్కన కూర్చుని నా తెలివికి నేనే మొట్టికాయలు వేసుకున్నాను.

మహాబలిపురంలో ఉలి చప్పుడుకే నిద్ర లేస్తాం. ప్రతి వీధిలో పాకలు, పాకల ముందు తల లేని సింహాలు, సగం మొహం వచ్చిన బొమ్మలు, మనుషుల కనుబొమల మీద తెల్లటి రాతిపొడి. ఒక పాకలో నడివయసు శిల్పి మన వైపు ఏదో ఊరికి వెళ్లే శంకుస్థాపన రాయి మీద తెలుగు అక్షరాలు చెక్కుతున్నాడు. ఆయనకి తెలుగు చదవడం రాదు. పక్కన పెట్టుకున్న కాగితం చూసి ఒంపు ఒంపూ దించుతున్నాడు. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, చూసి దించడంలో ఈయన ఘనుడే, అయినా చూసి దించిన చేతికి, సొంత చేతికి తేడా తెలిసిపోతుందిలే అంది. నేను గబుక్కున ఆమె మొహంలోకి చూశాను. ఆమె మాత్రం శిల్పిని నీళ్లు తాగారా అని అడుగుతోంది. ఊరికే అన్న మాటేలే అని సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రాలు బీచి దగ్గరికి వెళ్లేవాళ్లం. మాకు సర్ఫింగ్ నేర్పింది నలభై దాటిన జాలరి. నెల్లూరు పడవల వాళ్లతో తిరిగి కాస్త తెలుగు పట్టుకున్నాడు. మేం మాస్టారూ అని పిలిచేవాళ్లం. ఆ పలకని చూసి అమ్మ, ఇస్త్రీ బల్లెక్కి నిలబడటానికా నిన్ను కాలేజీలో చేర్పించింది అంది. మొదటి రోజు ఆమె సముద్రానికి చాలా దూరంలో, బోర్లించిన పడవ వెనకాల గొడుగేసుకుని కూర్చుంది. నేను పలక మీద బోర్లా పడుకుని, మాస్టారు తోయగానే లేచి నిలబడబోయి, సముద్రాన్ని సగం తాగి, ముక్కులోంచి కక్కుకుంటూ ఒడ్డుకి వచ్చాను. రెండోసారీ అంతే. మూడోసారి పలకే వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చింది. పడవ వెనకాల నుంచి అమ్మ నవ్వు వినపడింది. సముద్రం ఒడ్డున ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

రెండో రోజు పడవకి ఇవతల కూర్చుంది. మూడో రోజు తడి ఇసుక దాకా వచ్చింది. నాలుగో రోజు చీర అంచు ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకుంది. తడుపుకుని, యాభైకి దగ్గరపడ్డ ఆడవాళ్లు ఈ బల్లెక్కొచ్చా అని మాస్టారుని అడిగింది. ఆయన తెల్లవాళ్లలో అరవై దాటినవాళ్లు కూడా ఎక్కుతారని చెప్పాడు.

ఒకసారి ఆలోచించండి. ఈత రాని మనిషి. బస్సులోంచి చెరువుని చూడలేని మనిషి. దేవుడు తోడుంటానన్నాడని సముద్రంలోకి దిగబోతోంది. దేవుడేమో ఆ మాట అననే లేదు, అన్నది నేను. ఆమెకేమైనా అయితే ఆ పాపం ఎవరి ఖాతాలో? నిజం చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి ఆమె నా నోట్లో అరటిపండు పెట్టింది. రెండోసారి వెళ్లేసరికి మేడమ్‌కి ఆ కార్డు చూపించి, ఈ ఏడు దేవుడు నాతో ఎంత సూటిగా మాట్లాడాడో చూశారా అంటోంది. మూడోసారి ధైర్యం చిక్కబట్టుకుని పక్కన కూర్చుంటే, ఇంటికెళ్లాక చర్చిలో అందరి ముందు నిలబడి ఈ సంగతంతా సాక్ష్యం చెబుతానంది. నోరు మూసుకుని లేచొచ్చాను. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను.

చివరి రోజు పొద్దున్నే అమ్మ నా స్నేహితురాలి ట్రాక్‌ప్యాంటు, నాన్న పాత చొక్కా వేసుకుని బయటికొచ్చింది. జడ గట్టిగా, బాగా గట్టిగా అల్లమని నా ముందు కూర్చుంది. ఎందుకంత గట్టిగా అంటే, లాగడానికి పనికొస్తుందిగా అంది. మూడు పాయలూ బిగించి అల్లాను.

మిగతా అమ్మాయిలంతా ఒడ్డున వరసగా నిలబడ్డారు. అమ్మ మాస్టారు చెయ్యి పట్టుకుని దిగింది. మోకాళ్లు మునిగాయి. ఆగింది, కళ్లు మూసుకుంది, మళ్లీ నడిచింది. నడుము మునిగింది. మాస్టారు పలకని నీళ్ల మీద పరిస్తే, దాని మీద బోర్లా పడుకుని అంచులు రెండూ గట్టిగా పట్టుకుంది. దూరంగా అల లేస్తోంది. ఇక నా వల్ల కాలేదు. బట్టలతోనే నీళ్లలోకి పరిగెత్తాను.

"అమ్మా, ఆ కార్డు రాసింది నేను! దేవుడు కాదు, నేను!"

అమ్మ తల తిప్పి నన్ను చూసింది. తర్వాత మాస్టారు వైపు తిరిగి, తోయండి అంది.

తోశాడు. అల ఆమెని ఎత్తుకుంది. కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని, ఏ కీర్తనో ఏ కేకో తెలియని శబ్దం చేస్తూ అమ్మ నా పక్కనుంచే దూసుకుపోయింది. ఆమెని చూస్తూ నేను అలకి వీపు పెట్టాను. తర్వాతి అల నన్ను ఎత్తి కుదేసింది. పైనేదో కిందేదో తెలీలేదు. ఊపిరాడలేదు. చచ్చాననుకున్నాను, ఉత్తమాట కాదు, నిజంగానే అనుకున్నాను. అంతలో ఎవరో నా జడ పట్టుకుని బయటికి ఈడ్చారు. మాస్టారు.

ఒడ్డున అమ్మ పలక మీదే కూర్చుని ఉంది. జుట్టు నిండా ఇసుక, మోచెయ్యి గీరుకుపోయింది, మొహం వెలిగిపోతోంది. నేను వెళ్లి ఆమె పక్కన కూలబడి దగ్గాను. అమ్మాయిలు చప్పట్లు కొట్టి, మాస్టారు వెంట టీ కొట్టు వైపు పోయేదాకా ఆమె ఆగింది.

"నాకు తెలుసే" అంది.

"ఎప్పట్నుంచి?"

"కార్డు తిప్పినప్పట్నుంచి. ఆ వచనం నేనెప్పుడూ రాయలేదు. ఒక్క ఏడు కూడా. నాకే నమ్మకం లేని మాట ఇంకొకళ్ల చేతిలో ఎలా పెడతాను?"

ఇరవై రెండేళ్ల కార్డుల్లో ఆ ఒక్క వచనం లేదన్న సంగతి, పక్కన కూర్చుని పువ్వులు వేసిన నేను ఎప్పుడూ గమనించనే లేదు. మరి తెలిసీ సంతకం ఎందుకు పెట్టావు, తెలిసీ నీళ్లలోకి ఎందుకు దిగావు అని అడిగాను. అమ్మ చొక్కా మీది ఇసుక దులుపుకుంది.

"ఇన్నేళ్లూ ఆ పళ్లెంలో నాకు మిగిలేది నేను రాసిన కార్డే. తిప్పకముందే నాకు తెలిసిన మాటే. నాకోసమని కూర్చుని ఎవరూ ఏదీ రాయలేదు. నువ్వు రాశావు. దొంగపనే అనుకో. మూడొందల కార్డుల మీద పువ్వు గీకి పడేశావు. నా దాని మీద ఆకులు వేశావు."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గు, భయం, ప్రేమ, ముక్కులోని ఉప్పునీళ్లు, అన్నీ కలిసి వచ్చాయి. చిన్నపిల్లలా ఆమె తడి చొక్కాలో మొహం పెట్టి ఏడ్చాను. ఆమె నా జడ పిండుతూ, సాక్ష్యం చెబుతానన్నది నీ మొహం ఎలా మారుతుందో చూడటానికే అంది. శిల్పి దగ్గర అన్న మాట సంగతేంటని అడిగితే, అదీ అందుకే అంది. వారం రోజులు నన్ను వేపుకు తింది మా అమ్మ. తర్వాత లేచి, మాస్టారుని కేకేసి, ఇంకోసారి తోయమంది.

నేను చివరికి పలక మీద నిలబడ్డానా అని అడుగుతారేమో. నిలబడ్డాను. ఆ పొద్దునే, ఒకటి రెండు అనేంతసేపు. ఫోటో మాత్రం లేదు, మిగతా వాళ్లంతా అమ్మ ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంటికొచ్చాక ఎట్లయిందని నాన్న అడిగితే అమ్మ, మీ అమ్మాయి మునిగింది, నేను తేలాను అని ఒక్క ముక్కలో చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ డిసెంబరులో అమ్మ అడక్కముందే మూడొందల పువ్వులకీ ఆకులు వేశాను. వేళ్లు వాచిపోయాయి. జనవరి ఒకటిన అమ్మ పళ్లెం నా చేతిలోంచి తీసుకుని, ఈసారి నేను పట్టుకుంటాలే, నువ్వు వరసలో రా అంది. వెళ్లాను. నా వంతు వచ్చేసరికి పళ్లెంలో చాలా కార్డులున్నాయి. కానీ అమ్మ బొటనవేలితో ఒక కార్డుని అంచుకి జరిపి, పళ్లెం నా వైపు వంచి, తను పైకప్పు వైపు చూస్తూ నిలబడింది.

ఆ కార్డే తీసుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాల్లో, అబద్ధమాడే పెదవులంటే దేవుడికి ఎంత అసహ్యమో చెప్పే వచనం. నవ్వాపుకోలేక, తల దించుకుని మూలన పువ్వు చూశాను. అది నేను వేసిన పువ్వు కాదు. రెక్కలు నాలుగో ఐదో తెలీదు, మొత్తానికి వంకాయలా ఉంది. దానికో కాడ, కాడకి రెండు ఆకులు, ఒక ఆకు పువ్వు కంటే పెద్దది. రబ్బరుతో ఎన్నిసార్లు చెరిపి వేసిందో, అక్కడ అట్ట పలచబడిపోయింది.